సెల్లార్లో పారిన అలుగు

మా ఇంటికి సెల్లార్ ఉండటంలో నా ప్రతిభ ఏమీ లేదు. ఇబ్రహీంపట్నంలో నేను కొన్న ప్లాటులో అంతకుముందు ఎవరో బండ కొట్టుకుపోయారు. మిగిలింది గుంత. "పూడిస్తే మట్టి కావాలె సారు, పూడ్వకుంటె సెల్లార్ అయితది" అన్నాడు మేస్త్రి. పూడ్చలేదు. ఆ విధంగా మా వీధిలో సెల్లార్ ఉన్న ఏకైక లెక్చరర్‌నయ్యాను.

అవి హైదరాబాదు నాలుగు వైపులా పాకుతున్న రోజులు. మన్నెగూడ దాకా జొన్నచేలల్లో తెల్ల హద్దురాళ్లు మొలిచాయి. మా వైపు ఇంజనీరింగ్ కాలేజీలు మొలిచాయి. అలాంటి ఒక కాలేజీలో నేను ఫ్లూయిడ్ మెకానిక్స్ చెప్పేవాణ్ణి. పారే నీళ్ల గురించి రోజుకు మూడు గంటలు మాట్లాడి ఇంటికొచ్చి కుళాయి తిప్పితే గాలి వచ్చేది. ఊరి పక్కనే పెద్ద చెరువు ఉంది. ఉంది అనటం మర్యాద కోసం. ఏళ్ల తరబడి ఎండిపోయి, తుమ్మచెట్లు మొలిచి, మేకలు మేస్తుండేవి. దానికెదురుగా ప్లాట్లు వేసినవాళ్లు 'లేక్ వ్యూ' అని బోర్డు పెట్టారు. వ్యూ వరకు అబద్ధం లేదు.

నేను గోదావరి కాలువగట్టు మీద పెరిగినవాణ్ణి. నీళ్లు కనపడని ఇంట్లో నిద్ర పట్టేది కాదంటే అతిశయోక్తి. పట్టేది, కాని లేచాక ఏదో వెలితిగా ఉండేది. అందుకని హాల్లో ఒక గోడ పొడవునా ఎనిమిదడుగుల చేపల తొట్టి కట్టాలని నిర్ణయించుకుని, మా ఆవిడకి చెప్పాను.

"మనకే రెండు రోజులకోసారి ట్యాంకరొస్తోంది. చేపలకి ఎనిమిదడుగుల ఇల్లా?"

"ఒక్కసారి నింపితే చాలు. అవే నీళ్లు తిరుగుతుంటాయి."

"ఎక్కడ తిరుగుతాయి?"

"సెల్లార్లోకి దిగి, శుభ్రపడి, మళ్లీ పైకొస్తాయి."

"మీరూ అంతేగా, శుభ్రపడటం ఒక్కటే తక్కువ" అని వంటింట్లోకి వెళ్లిపోయింది. మా ఇంట్లో ఒప్పుకోవటం ఇలాగే ఉంటుంది.

పైపులు బిగించటానికి వచ్చిన మనిషి నిజానికి ఆ చెరువులో చేపలు పట్టి బతికినవాడు. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. నేను అన్నా అనేవాణ్ణి, ఆయన సారు అనేవాడు. చెరువు ఎండాక ప్లంబింగ్ నేర్చుకున్నాడట. "రెండు గూడ నీళ్ల పనే గద సారు. గప్పుడు నీళ్లు ఉండె, పైపులు లేకుండె. ఇప్పుడు పైపులున్నయ్" అన్నాడు.

అద్దాలు హయత్‌నగర్‌లో కోయించి ట్రాలీ ఆటోలో తెచ్చాం. దారంతా ఆటో వెనకే స్కూటర్ మీద వచ్చాను, ప్రతి గుంతకూ నా పళ్లే పగులుతాయన్నట్టు. హాలు స్లాబులో రెండు కన్నాలు వేశారు. ఒకటి నీళ్లు దిగటానికి, రెండోది ఎక్కటానికి. కొత్త ఇంటి గచ్చును డ్రిల్లు కొరుకుతుంటే మా ఆవిడ పక్కన నిలబడి చూసింది, ఒక్క మాట అనకుండా. అంటే బాగుండేది. కింద సెల్లార్లో ఇటుకలతో, సిమెంటుతో మరో తొట్టి కట్టాం, పైదానికంటే పెద్దది. దిగే నీళ్లు ఒక మూల అరలో కంకరా, ఇటుక ముక్కలూ, స్పాంజీ దాటి పెద్ద అరలో చేరతాయి. అక్కడి మోటారు వాటిని పైకి తోస్తుంది.

మోటారు మొదటిసారి వేసిన రోజు ముగ్గురం హాల్లో నిలబడ్డాం. పైతొట్టి నిండి, మూల గొట్టం అంచు దాటి, కిందికి జారటం మొదలైంది. చీకట్లోకి పోయిన నీళ్లు కాసేపటికి రెండో గొట్టంలోంచి తేటగా తిరిగొచ్చాయి. ఎలా వస్తాయో నాకు తెలుసు, పదేళ్లుగా బోర్డు మీద గీస్తున్నాను. అయినా వచ్చినప్పుడు వంగి చెవి పెట్టాను. బోర్డు మీద ఎన్నడూ చప్పుడు లేదు. ఇక్కడ చప్పుడుంది. కాలువ లాకుల దగ్గర వినిపించే చప్పుడే, చెంచాడంత.

అన్న తొట్టిలో చేయి ముంచి, వచ్చే నీళ్లకు అరచేయి అడ్డంపెట్టి చాలాసేపు అలాగే ఉంచాడు. "వాగు సారు ఇది" అన్నాడు చివరికి. తొమ్మిది వందల లీటర్ల వాగు. అందులో డజను గోల్డ్‌ఫిష్‌లు వదిలాను. అంత నీళ్లలో అవి ఎవరో పారేసుకున్న గుండీల్లా కనపడేవి.

ఎండలు ముదిరాక అన్న మళ్లీ వచ్చాడు. పని లేకుండా వచ్చాడు కాబట్టి గుమ్మంలోనే ఆగాడు.

"నా తాన ఏడు కొర్రమట్టలున్నయ్ సారు. ఇంటెన్క గోళెంల పెట్టిన. బోరు ఎండింది. వానలు పడేదాంక జర మీ కింది తొట్టిల ఉంచుకుంటరా?"

కొర్రమట్ట అంటే కొరమేను, అప్పుడప్పుడు పైకొచ్చి గాలి పీల్చే చేప. గోళెం అంటే ఇంటి వెనక కట్టుకునే చిన్న సిమెంటు తొట్టి. "చేపలేగా అన్నా, అమ్మేస్తే పోలేదా?" అన్నాను. అనకుండా ఉండాల్సింది.

"చెరువు ఆఖరు మడుగుల పట్టిన జతకు పుట్టిన పిల్లలివి. రవ్వ, బొచ్చె చాపలైతే విత్తనం బయటికెల్లి తెచ్చి పోస్తరు. వీటిని ఎవ్వరు పొయ్యలె. చెరువే పెంచుకున్నది. చెరువు నిండితె మల్ల వదులుత."

"ఎప్పుడు నిండుతుందన్నా?"

"గది నాకేమెరుక. నిండేనాడు ఇంట్ల విత్తనం లేదంటె మంచిగుండదు గద."

ఊళ్లో అందరూ చెరువు పక్కన ప్లాట్లు కొని దాచుకుంటున్నారు. ఈయన ఒక్కడే చెరువును దాచాడు.

పాలక్యానులో తెచ్చి ఏడింటినీ సెల్లార్ తొట్టిలో వదిలాడు. మూరెడేసి పొడవు, నల్లటి వీపులు, పాముకుండే తల. పైన వదిలితే నా గోల్డ్‌ఫిష్‌లు ఫలహారమవుతాయి. కిందైతే చల్లన, చీకటి. ఎగరకుండా పైన ఇనుప జాలీ పరిచాం. రోజుకోసారి వచ్చి జాలీలోంచి తొంగిచూసి పోయేవాడు.

ఆ తొట్టి గోడకు నేను ఎర్ర రంగుతో ఒక గీత గీసి ఉంచాను. నీళ్లు ఆ గీత దాటకూడదు. నీళ్లెక్కే గొట్టం మూతి పైతొట్టిలో సగం లోతున ఉంది కాబట్టి, కరెంటు పోయి మోటారు ఆగితే దాదాపు సగం నీళ్లు అదే గొట్టంలోంచి వెనక్కి, కిందికి వచ్చేస్తాయి. వాటికి చోటుండాలి. లెక్క కట్టి, దాని మీద ఇంకొంచెం వదిలి గీసిన గీత అది. అన్నకు చెప్పాను, మా ఆవిడకు చెప్పాను, అడగని పక్కింటాయనకూ చెప్పాను.

మే నెలలో ఒక పొద్దున ట్యాంకరు వచ్చింది. ఇంటి సంపు నిండింది, పైకప్పు ట్యాంకు నిండింది. డ్రమ్ములు, బిందెలు, చివరికి ఆవకాయకని కడిగి ఆరబెట్టిన జాడీ కూడా నిండాయి. ట్యాంకర్లో ఇంకా పావు వంతు మిగిలింది.

"ఇంకో ట్రిప్పుంది మేడం. మిగిలినయ్ రోడ్డు మీద ఇడ్సిపెట్టనా?" అన్నాడు డ్రైవరు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ ఊళ్లో నాలుగు ఎండాకాలాలు గడిపినవాళ్లెవరూ వచ్చిన నీళ్లను వెనక్కి పంపలేరు. చేతులు ఒప్పుకోవు. ఖాళీ గిన్నె కనపడితే నింపాలి. కాలువగట్టున పుట్టినవాళ్లకైతే ఈ జబ్బు ఇంకా ముదిరి ఉంటుంది. పక్కిళ్లన్నీ అప్పటికే నిండిపోయాయి.

"సెల్లార్ తొట్టిలో మూరెడు ఖాళీ ఉందిగా" అంది మా ఆవిడ.

నేను వద్దన్నానని రాసుకోవాలని ఉంది. జాలీ పక్కకు తీసింది ఆవిడ. పైపు పట్టుకున్నది నేను. ఎర్ర గీత మునిగిపోతుంటే నా కళ్లతో చూశాను. చూసి, సాయంత్రం రెండు బిందెలు తోడేద్దాంలే అనుకున్నాను. నా లెక్కలో నీళ్లన్నీ ఉన్నాయి, మనుషులు లేరు.

మధ్యాహ్నం పన్నెండుకి కరెంటు పోయింది. రోజూ పోయే వేళే. పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. హాల్లో ఆ వాగు చప్పుడు ఆగింది. దాని బదులు కింద మరో చప్పుడు, అలవాటు లేనిది. మెట్ల దాకా పరిగెత్తాను. సెల్లార్ తొట్టి నాలుగు అంచుల మీదుగా నిమ్మళంగా పొర్లుతోంది. చెరువు నిండి అలుగు దాటినట్టు. తొట్టిలో చూస్తే నీళ్లున్నాయి. చేప ఒక్కటీ లేదు.

అన్న పక్క వీధిలోనే పనిమీద ఉన్నాడు. కబురంపితే పది నిమిషాల్లో వచ్చాడు. మెట్ల మీద ఆగి మొదట నీళ్లను చూశాడు, తర్వాత పక్కన పెట్టిన జాలీని, తర్వాత నన్ను. మా ఆవిడ కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, "నేనే అన్నా. నీళ్లు మిగిలిపోయాయని..." అంది.

"నీళ్లు ఎట్ల పారబోస్తవమ్మా" అన్నాడు ఆయన. "నేనైన గట్లనే జేద్దు."

చెప్పులు విడిచి నీళ్లలోకి దిగాడు. మడమ లోతు. "సారు, దీపం పట్టున్రి. కదలకున్రి, తొక్కుతరు." టార్చి పట్టుకుని నిలబడ్డాను. స్కూటర్ చక్రం పక్కన రెండు. మిగిలిపోయిన టైల్స్ సందులో ఒకటి. మెట్ల కింద మూడు, ఒకదాని మీద ఒకటి పడి, మొప్పలు ఆడిస్తూ. ఒక్కోదాన్నీ తల వెనక పట్టి తొట్టిలో జారవిడుస్తుంటే మా ఆవిడ లెక్కపెట్టింది. ఆరు దగ్గర ఆగింది.

ఏడోది లేదు. నీళ్లు సెల్లార్ గచ్చు మూలన ఉన్న కన్నంలోంచి పోసాగాయి. గచ్చు బయటపడింది. అన్నీ జరిపాం. చీపురుతో మూలమూలా తడిమాం. నాకు ఏదో ఒకటి అనాలనిపించింది. "ఆరున్నాయిగా అన్నా, విత్తనానికి..." అని మొదలుపెట్టి, ఆయన మొహం చూసి ఆపేశాను.

"గది తల్లి అయ్యేది సారు" అన్నాడు. "మిగిలినయన్ని పోతులే. ఆడది ఇంకోటి లేదు."

తర్వాత ఆయన వెతకటం మానేసి, తొట్టి గోడకు ఆనుకుని, నీళ్లు ఏ దారిన పోయాయో చూశాడు. ఇల్లు కట్టగా మిగిలిన ఇసుక కుప్ప ఒకటి అవతలి మూలన ఉంది. దాని అడుగు తడిసి నల్లబడింది. అక్కడికి వెళ్లి, కూర్చుని, మోచేతి దాకా చేయి పోనిచ్చాడు. కొంచెంసేపు కళ్లు మూసుకున్నాడు. లోపల ఏదో పలకరించినట్టు మొహం మారింది. చేయి తీస్తే, ఇసుక పూసుకున్న తల్లి కొర్రమట్ట, అరచేతిలో బరువుగా, బతికి.

"ఎలా తెలిసిందన్నా?"

"నాకు గాదు, దానికి ఎరుక. నీళ్లు పొర్లంగనే అలుగు పారిందని ఎల్లినయ్. నీళ్లు ఇంకంగనే, చెరువు ఎండుతున్నదని ఇది బురదల పండుదామనుకున్నది." ఆగి, చేపను తొట్టిలోకి వంచాడు. "గోళెంల పుట్టింది సారు ఇది. చెరువు ఎన్నడు జూడలె. అలుగెట్లుంటదో దీనికెవరు జెప్పిండ్రు?"

ద్రవాల గురించి పదేళ్లుగా చెబుతున్న మనిషికి టార్చి ఆర్పాలని కూడా తోచలేదు. గంటసేపట్లో ఆ చేప మా సెల్లార్లో ఒక వానాకాలాన్నీ, ఒక కరువునూ చూసేసింది. రెండింటికీ ఏం చెయ్యాలో దానికి తెలుసు. మాకు కరువు ఒక్కదానికే తెలుసు, అదీ తప్పుగా.

కరెంటు రాకముందే అన్న ఒక మేకు అడిగాడు. గ్యాసు పొయ్యి మీద ఎర్రగా కాల్చి, పైతొట్టిలోకి నీళ్లు తెచ్చే గొట్టానికి, నీటి మట్టానికి బెత్తెడు కింద, చిన్న చిల్లు పొడిచాడు. "నీళ్లు గింత దిగంగనే గాలి మింగుతది. గాలి మింగినంక గొట్టం గుంజది. బాయిల పైపుకు చిల్లు పడితె గట్లనే అయితుండె." దీన్ని నేను ఏటా రెండో సెమిస్టర్లో చెబుతాను, ప్రశ్న కూడా ఇస్తాను. నా ఇంటి గొట్టానికి చిల్లు ఉండాలని నాకు తట్టలేదు. మా ఆవిడ వినలేదని అనుకుంటాను.

ఆ సాయంత్రం గోల్డ్‌ఫిష్‌లను బకెట్‌లోకి మార్చి, పక్కింటి పిల్లలకిచ్చేశాను. కొర్రమట్టలను పైతొట్టిలోకి తెచ్చి, మూత మీద ఇటుకలు పెట్టాం. అన్న గచ్చు మీద బాసింపట్టు వేసుకుని అద్దం ముందు కూర్చున్నాడు. తల్లి చేప మెల్లగా ఆయన ఎదురుగా వచ్చి నిలిచింది. నల్లటివనుకున్న వాటి పక్కలకు పసుపు చారలున్నాయి, పొట్ట కింద వెన్నెల రంగు. రెక్కలు ఊపిరిలా ఆడుతున్నాయి.

అద్దానికి వేలు ఆనించి అన్నాడు. "యాభై ఏండ్లు చేపల్నే జూసిన సారు. పైకెల్లి జూసిన, వలల జూసిన, గంపల జూసిన. నీళ్లల్ల అవి ఉన్నట్టు, గిట్ల పక్కకెల్లి, ఎన్నడు జూడలె." మా ఆవిడ టీ తెచ్చి పక్కన పెట్టింది. అది చల్లారిపోయింది.

వానలు పడ్డాయి. చెరువు నిండలేదు, దానికి ఇంకా చాలా కాలం పట్టేట్టుంది. కాని వాళ్ల బంధువుల బావిలో ఊట వచ్చింది. అన్న పాలక్యానుతో వచ్చి అయిదింటిని పట్టుకున్నాడు. తల్లినీ, ఒక పోతునూ వదిలేశాడు.

"ఇవి?"

"అన్ని ఒక్క తాన ఉండొద్దు సారు. ఈడ ఉండనీ. మీకాడ అలుగు గూడ పారుతది గద" అన్నాడు, నవ్వకుండా.

ట్యాంకరు వచ్చిన రోజుల్లో మా ఆవిడ ఇప్పటికీ సెల్లార్ మెట్ల మీద నిలబడి, ఎర్ర గీత పైన మూరెడు ఖాళీని చూసి నిట్టూరుస్తుంది. నింపదు. కరెంటు పోయినప్పుడు నేను హాల్లోకి వచ్చి కూర్చుంటాను. నీళ్లు బెత్తెడు దిగుతాయి. మేకు చిల్లు గుటుక్కుమని గాలి మింగుతుంది, నీళ్లు ఆగిపోతాయి. ఆ తర్వాత తల్లి చేప పైకి లేచి, అదే చప్పుడుతో, తనూ ఒక గుటక గాలి తీసుకుని కిందికి దిగుతుంది.