మమతారాణి రాసిన దర్వాజలు

ప్రేమ్‌సాగర్ ముప్పై రెండేళ్లు బొగ్గు బాయిలో పనిచేసి, నౌకరీ దిగిపోయాక గోదావరిఖని కాలనీ చర్చిలో ఉపదేశి అయ్యాడు. జీతం లేని కొలువు. ఫాదర్ ముందు నడవడం, స్టూలు మోయడం, ఏ ఇంట్లో ఎవరికి జ్వరమో, ఎవరు ఎవరితో మాట్లాడడం లేదో ఫాదర్ చెవిన వేయడం, అంతే. ముగ్గురు రాజుల పండుగ దాటిన వారం మాత్రం చేతినిండా పని. ఇల్లిల్లూ తిరగాలి. ఫాదర్ ప్రార్థన చేసి దీవించిన నీళ్లు చల్లాక దర్వాజ పైన సుద్దముక్కతో ఆ ఏటి అంకెలు, వాటి మధ్య బాలయేసును చూడవచ్చిన ఆ ముగ్గురి పేర్లకు గుర్తుగా మూడు ఇంగ్లీషు అక్షరాలు రాస్తారు. ఈ ఏటివి 20+C+M+B+26. ఏడాదంతా అవి అక్కడే ఉంటాయి. మళ్లీ జనవరిలో పాతవి తడిగుడ్డతో తుడిచి కొత్తవి రాయాలి.

తుడిచేది ప్రేమ్‌సాగర్. రాసేది ఆయన భార్య మమతారాణి. ఆరేళ్లుగా ఇదే వరస. చదివింది ఏడో తరగతే అయినా ఆమె రాత ముత్యాల కోవ. నడిమి అక్షరం చివరి కాలును ముగ్గు తిప్పినట్టు తిప్పేది.

"రాజుకు తోక పెడుతున్నవేందే?" అని ఈయన ఏడిపిస్తే, "తోక గాదు, పీట. గంత దూరం నడిసొచ్చిండ్రు, జర కూసోనీయ్" అనేది.

డిసెంబరు మొదటి ఆదివారం, చర్చిలో పూజకు పోదామని చీర కట్టుకుంటూ కూలబడింది. ఆస్పత్రి చేరకముందే పోయింది.

ప్రేమ్‌సాగర్ ఏడవలేదు. ఆపుకున్నాడని కాదు, రాలేదు. మట్టి చేసి వచ్చాక అన్నం పెడితే తిన్నాడు. క్రిస్మస్‌కు చర్చి మీద ఎప్పటిలాగే నక్షత్రం కట్టాడు. గట్టి గుండె మనిషని కాలనీ అంతా మెచ్చుకుంది. గట్టిదో మొద్దుబారిందో లోకానికెందుకు? తిమ్మిరెక్కిన కాలి మీద నిలబడ్డట్టుంది ఆయనకు. కాలుందని తెలుసు, కింద నేల తెలియదు.

ఈ ఏడు వేరేవాళ్లను తీసుకుపోతాను, నువ్వు ఇంటి దగ్గర ఉండమని సుధాకర్ ఫాదర్ ముందే అన్నాడు.

"నాకేమైంది ఫాదర్? నేనే వస్త. గానీ మా ఇంటి మీది రాత తుడవద్దు. గదట్లనే ఉండనీయుండ్రి."

ఫాదర్ సరేనన్నాడు. ఆ మాటతో ప్రేమ్‌సాగర్ నిశ్చింతగా ఉన్నాడు. ఊరందరి దర్వాజల మీద పోతే పోనీ, తన ఇంటి మీద ఆమె చేతి రాత ఒకటి మిగులుతుంది. అది చాలు.

పొద్దున ఎనిమిదికి మొదలుపెట్టారు. ఇంటి ముందు స్టూలు వేయడం, ఎక్కడం, తుడవడం, దిగడం. ఫాదర్ ఎక్కి కొత్తవి రాసేవాడు. కోళ్లు గెలికినట్టున్నాయి ఫాదర్ అక్షరాలు, అయినా దీవెన దీవెనే. ఇంటింటా చాయ ఇచ్చారు. అన్నీ తాగాడు.

నలభయ్యో ఇల్లు పక్కింటి పోశవ్వది. ఆమె చర్చికి రాదు, బోనం ఎత్తే మనిషి. అయినా మమతారాణి తన ఇంటికి రాసిననాడే ఆమె ఇంటికీ రాసేది. ప్రేమ్‌సాగర్ స్టూలెక్కగానే పోశవ్వ ఎదురొచ్చింది.

"తుడవకే అన్నా. గది వదిన చేతి రాత గదా."

"పాతది తుడువకుంట కొత్తది యాడ రాస్తరు పోశవ్వా? మా ఇంటి మీద ఉన్నది గదా. సూడబుద్ధయితే గాడికొచ్చి సూడు."

తుడిచేశాడు. పోశవ్వ కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది. ఇంత మాటకే ఏడవాలా అనుకున్నాడాయన.

తర్వాత తన ఇల్లు. హుజూరాబాద్‌లో కాపురముండే బిడ్డ జ్యోతిరాణి రెండు రోజుల ముందే వచ్చింది. వాకిలి ఊడ్చి, చాప పరిచి, దర్వాజ దగ్గర నిలబడి ఉంది. ప్రేమ్‌సాగర్ తలెత్తి చూశాడు. పైన కట్టె నున్నగా, ఖాళీగా ఉంది.

"పొద్దుగాలనే తుడిసిన బాపూ" అంది జ్యోతిరాణి. "నీ చేత్తోటి నువ్వు తుడుసుడెందుకని."

"అంత పోయిందా?"

"రెండుసార్లు తుడిసిన."

పాపం, ఆ పిల్లకేం తెలుసు? ఫాదర్‌కు చెప్పిన మాట ఇంట్లో బిడ్డకు చెప్పాలని ఆయనకు తోచనే లేదు. నెల రోజులుగా ఆ ఇంట్లో ఆయన మాట్లాడిందే తక్కువ.

"గుడ్డేది?"

పెరట్లో దండెం మీద ఉందంది. వెళ్లి తీశాడు. సగం ఆరింది. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. సుద్ద జాడ ఎక్కడా లేదు, దర్వాజ దుమ్మూ మసీ తప్ప. దాన్ని ముఖానికి అదుముకున్నాడు. అప్పుడొచ్చింది ఏడుపు, నెల కింద రావలసిన ఏడుపు. అక్కడే గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

సంగతేమిటో ఫాదర్ చెప్పేసరికి జ్యోతిరాణి పరుగెత్తుకొచ్చి తండ్రి కాళ్ల దగ్గర కూలబడింది.

"నాకొక్క మాట జెప్పకపోతివి బాపూ. మా అవ్వ రాతను నేనే తుడిసేస్తి."

ప్రేమ్‌సాగర్ ఆమె తల మీద చెయ్యి వేశాడు.

"నువ్వొక్క దర్వాజనే తుడిసినవ్ బిడ్డా. నలభై నేను తుడిసొచ్చిన."