దేశ విభజన సినిమా, ఎల్లమ్మ తాళంచెవి

మధ్యాహ్నం టీవీలో దేశ విభజన మీద డాక్యుమెంటరీ చూస్తున్నాను. పుణెకు వలస పోతున్న మా వాడకట్టు ఎల్లమ్మ తన ఇంటికి తాళం వేసి, చెవి నా చేతిలో పెట్టింది. బస్సుకు ఇంకా టైముందని గడప దగ్గర కూర్చుని తనూ చూసింది.

తెర మీద ఒక ముసలామె లాహోరులో వదిలేసి వచ్చిన ఇంటి తాళంచెవి చూపించింది. కెమెరా దాని మీదే చాలాసేపు నిలిచింది. వెనక ఏడుపు సంగీతం.

"చెవి ఎంబడెందుకు తీస్కపోయిందన్నా? పక్కింట్ల ఇచ్చి పోవాలె గదా," అన్నది ఎల్లమ్మ.

"ఆ పక్కింటోళ్లకు భయపడే పోయిండ్రమ్మా."

ఆమె తన పక్కింటి దిక్కు చూసింది. అప్పుడు తట్టింది నాకు. ఇన్నేళ్లూ వలస పోయిన ప్రతిసారీ ఆమె తాళంచెవి పక్కింటి మరియమ్మకే ఇచ్చేది. మొన్న గుడి మైకు, చర్చి మైకు గొడవలో వాడకట్టు రెండుగా చీలింది.

"మరియమ్మ నిన్నేమన్న అన్నదా?"

"ఆమె ఏమంటదన్నా? పోయినేడు వానకు నా ఇంటి గోడ కూలితే, జొన్నల మూట మోసుకపోయి వాళ్లింట్ల దాసింది. మా ఆయనే, ఆ గడప తొక్కితే నా ఎంబడి రాకు అంటుండు."

ఎల్లమ్మ వెళ్లిపోయింది. మరియమ్మ వాకిట్లో నిలబడి చూసింది గానీ పలకరించలేదు.

సినిమావాళ్లు తాళంచెవిని అంత దగ్గరగా చూపించారు, పక్కింటివాళ్ల మాట ఎత్తలేదు. ఏమీ అడక్కుండా చెవి పుచ్చుకున్న నేనేం తక్కువ తిన్నాను? ఇప్పుడు దీన్ని మరియమ్మకు ఇచ్చేయాలనుంది. ఎల్లమ్మ మొగుడికి తెలిస్తే దెబ్బలు తినేది ఎల్లమ్మ. మీరైతే ఏం చేస్తారు?