శారద రాయని ఎనిమిది పంక్తులు

శనివారం ఐదున్నరకే షాంటిలీలో ఇంటికి తాళం వేశాను. వాషింగ్టన్ స్టేషన్‌లో కారు పార్క్ చేసి, ఏడూ పదికి ఫిలడెల్ఫియా రైలెక్కాను. టికెట్ ముందే బుక్ చేసుకోండి, శనివారాలు కిటికీ సీటు దొరకడం కష్టం.

నేను వెతుక్కుంటూ బయల్దేరింది ఎనిమిది పంక్తుల కోసం. నా భార్య శారద నలభై ఎనిమిదో ఏట లాటిన్ ఎం.ఏ.లో చేరింది. రెండువేల ఏళ్ల నాటి ఒక లాటిన్ పురాణ కావ్యంలోని చిన్న కథ తర్వాతి కవుల చేతుల్లో ఎలా మారుతూ వచ్చిందన్నది ఆమె థీసిస్. ఆ కథను తెలుగులోకి అనువదించడం కూడా మొదలుపెట్టింది. మార్చిలో పోయింది. లాప్‌టాప్‌లో చూస్తే, మూలంలో చివరి ఎనిమిది పంక్తులు మిగిలుండగా అనువాదం ఆగిపోయింది. తను చదివిన కాలేజీ లైబ్రరీకి ఇచ్చిన తన కాయితాల్లో అవి ఉంటాయేమోనని నా ఆశ.

కథ మనకు కొత్తదేమీ కాదు. దేవుళ్లు బాటసారుల వేషంలో వచ్చి తలుపులు తడతారు. ఊరంతా పొమ్మంటే, ఒక పేద ముసలి జంట లోపలికి పిలిచి ఉన్నదేదో వండి పెడుతుంది. వరం కోరుకోమంటే, ఒకరి చావు ఒకరు చూడకుండా ఒకే గడియలో పోవాలని అడుగుతారు. వాళ్ల గుడిసె గుడిగా మారుతుంది. చివరికి ఒకరోజు ఆ గుడి మెట్ల ముందు నిలబడి పాత సంగతులు చెప్పుకుంటూ ఉండగా, ఇద్దరూ ఒకేసారి చెట్లయిపోతారు. అందులోని క్యాబేజీని తెలుగులో తోటకూర చేసిందని శారదను ఎంత ఏడిపించానో! నా నోరు పడిపోను.

పక్క సీట్లో వరంగల్ అమ్మాయి, మాస్టర్స్ చేస్తోందట. ఎక్కడికని అడిగితే సంగతి చెప్పాను.

"లాటినా? దాంట్ల జాబ్స్ ఉంటయా అంకుల్?"

"లేవు తల్లీ."

"అయినా చదివిన్రంటే ఆంటీ గ్రేట్," అని ఇడ్లీ డబ్బా నా వైపు జరిపింది. తినబుద్ధి కాకపోయినా ఒకటి తీసుకున్నాను.

తొమ్మిదికి ఫిలడెల్ఫియా. అక్కడినుంచి లోకల్ రైల్లో నలభై నిమిషాలు. లైబ్రరీ మెట్ల దగ్గర నిత్య ఎదురుచూస్తోంది. శారద క్లాస్‌మేట్; ఇక్కడే పుట్టిన పిల్ల, ఇప్పుడు హైస్కూల్లో లాటిన్ చెబుతోంది. రీడింగ్ రూమ్‌లోకి పెన్ను తీసుకెళ్లనివ్వరు, పెన్సిల్ ఉంచుకోండి.

ముందు థీసిస్ తెరిచాం. ఒక ఇంగ్లిష్ కవి ఆ గుడిసెను చర్చిగా మార్చి వేళాకోళం చేశాడట. ఒక జర్మన్ నాటకంలో ఆ ముసలివాళ్లు ఇల్లు తగలబడి చచ్చిపోతారట.

"ఎవ్వరూ స్టోరీని అలాగే వదల్లేదు అంకుల్. ఎవరి పెయిన్ వాళ్లు పెట్టారు. ఆంటీ ప్రూవ్ చేసింది అదే," అంది నిత్య.

తర్వాత పెట్టెలోని ప్రతి కాయితం తిరగేశాను. పన్నెండున్నర అయింది. ఎనిమిది పంక్తులు ఎక్కడా లేవు.

"టైమ్ చాల్లేదా తనకి?" అన్నాను.

"టైమ్ ఉండింది అంకుల్." నిత్య కాస్త తటపటాయించి ఫోన్ తీసింది. ఫిబ్రవరిలో శారద పంపిన మెసేజ్ చూపించింది.

"డాక్టర్ చెప్పేశారు నిత్యా. ఇద్దరూ ఒకేసారి పోయారని నేనెలా రాయను? రేపు అది ఆయనొక్కరే కూర్చుని చదవాలి."

నాకు చెప్పలేదు. డాక్టర్ ఏమన్నారని అడిగిన ప్రతిసారీ మందు పనిచేస్తోందనే చెప్పింది. బయటికొచ్చి మెట్లమీద కూర్చుని ఏడ్చాను. ఎంతసేపో తెలియదు.

"నేను ఫినిష్ చేయనా అంకుల్? నా తెలుగు అంత గుడ్ కాదు, కానీ ట్రై చేస్తా," అంది నిత్య, తనూ కళ్లు తుడుచుకుంటూ.

వద్దమ్మా అన్నాను.

మూడూ ఐదు రైల్లో తిరుగు ప్రయాణం. ఒక కథ రెండువేల ఏళ్లు ఎలా బతుకుతుందో ఇప్పుడు కొంచెం తెలిసింది. చదివిన ప్రతివాళ్లకూ అందులో తట్టుకోలేని చోటు ఒకటి తగులుతుంది. ఒకాయన అక్కడ నవ్వాడు, ఇంకొకాయన నిప్పు పెట్టాడు, శారద ఆగిపోయింది. ఆమె తెలుగులో ఆ ముసలివాళ్లిద్దరూ గుడి మెట్ల ముందు నిలబడి, పాత సంగతులేవో చెప్పుకుంటూనే ఉన్నారు.