రాహుకాలంలో బోర్డింగ్

నా ఉద్యోగం చివరి శీతాకాలంలో నన్ను కడప విమానాశ్రయంలో గేటు డ్యూటీ ఇన్‌చార్జిగా వేశారు. బోర్డింగ్ పాసును స్కానర్‌కు చూపించడం, పేరు సరిచూడడం, అంచు చింపి ముక్క తీసుకోవడం, ఎక్కినవాళ్ల లెక్క విమానంలోని సిబ్బందికి అప్పగించడం ఆ పని. చూసేవాళ్లకు బస్సు కండక్టరు పనే అనిపిస్తుంది. కండక్టరు బస్సును ఆపగలడు, నేను విమానాన్ని ఆపలేను. అంతే తేడా.

ఒక సోమవారం పొద్దున హైదరాబాదు విమానం వచ్చి ఆగిన కాసేపటికే మంచు కమ్మేసింది. పాలకొండలు లేవు, రన్‌వే లేదు. అద్దం అవతల తెల్లటి విమానం తెల్లదనంలో కలిసిపోయి, తోక మీది రంగు మాత్రం గాలిలో తేలుతూ కనిపించింది. నిలబడే కల కంటున్నానా అనుకున్నాను. డ్యూటీలో ఉన్న సంగతి కూడా కాసేపు మరిచిపోయాను, ఎంతో హాయిగా అనిపించింది. సామాన్లు అప్పటికే ఎక్కించేశారు. ప్రయాణికులను పిలవమని కబురు వచ్చేసరికి ఏడున్నర దాటింది.

అందరూ మంచులోకి నడిచి మాయమయ్యారు. ఇద్దరు మిగిలారు, కమలాపురం నుంచి వచ్చిన వెంకటసుబ్బమ్మ, ఆమె భర్త. ఆమె పాసును కొంగులో పట్టుకుని కుర్చీలోంచి లేవలేదు.

"రాహుకాలం వచ్చిండాది. తొమ్మిదికి ఎక్కుతా," అంది.

"ఇంటికాడ్నుంచి మంచి టయానికే బయలుదేరితిమి గదా అంటే ఇనదు సార్. ఊరు ఇడిచేది ఇమానంలోనే అంటాది," అని భర్త తల పట్టుకున్నాడు.

మంచు పలచబడగానే విమానం కదులుతుందని, ఆమె కోసం ఆగదని, ఆమె ఎక్కకపోతే నిబంధన ప్రకారం ఆమె పెట్టెను కూడా వెతికి దించాల్సిందేనని చెప్పాను. ఆమె కళ్లు నిండాయి.

"నా కోసమైతే ఎప్పుడైనా ఎక్కుతాంటినప్పా. మా తమ్మునికి కిడ్నీ ఇయ్యను పోతాండా. వాని పానం మీదికి తెమ్మంటావా?"

ఆ రోజే ఆసుపత్రిలో చేరాలట. దాటితే ఆపరేషన్ వాయిదా పడుతుంది.

పెట్టె అన్నాను కదా, చివరికి ఆ మాటనే పట్టుకున్నాను. మాదీ కమలాపురమే. మంచి గడియలో బయలుదేరడం కుదరనివాళ్లు ఆ గడియకే ముందుగా ఒక మూటను గడప దాటించి పక్కింట్లో పెట్టేవాళ్లు. దాన్ని ప్రస్థానం అంటారు. దాంతో ప్రయాణం మొదలైనట్టే లెక్క. మేం ముస్లిములం. అయినా పక్కింటి రెడ్ల మూటలు ఎన్నోసార్లు మా వరండాలోనే నిద్ర చేశాయి.

"అక్కా, నీ పెట్టె ఏడున్నర కాకముందే ఇమానం ఎక్కిండాది. అది ప్రస్థానం కాదా?" అన్నాను.

ఆమె అద్దంలోంచి మంచు వైపు చూసింది.

"ఎక్కిండాదా, నిజంగా?"

"సామాన్ల లెక్క నా కాడనే ఉండాది."

లేచి, పాసును కొంగుతో తుడిచి నా చేతికిచ్చింది. స్కానర్ కుయ్‌మంది. భర్త తన పాసూ చూపించి ఆమె వెనకే ఉరికాడు. నాలుగడుగులు వేసేసరికి ఇద్దరూ కనబడకుండా పోయారు.

ఆ ఆపరేషన్ ఎలా జరిగిందో నాకు తెలియదు. గేటు దాటినవాళ్ల కబురు మాకు అందదు. అందుకే అడగాల్సింది, చెప్పాల్సింది ఏదైనా వాళ్లు దాటకముందే కానివ్వాలని ఆ రోజు నేర్చుకున్నాను.