కూర్చునేవాడట

గోల్‌మురి కంపెనీ క్వార్టర్లో ఎవరడిగినా మా మేనత్త మావయ్య గురించి ఒకే మాట చెప్పేది: "వత్తన్నాడు." వెనక ఓడలో వస్తానన్న ఆయన్ని రంగూన్‌లో వదిలి మేమంతా వచ్చేనాటికి నాకు ఆరేళ్లు.

పెద్దయ్యాక కంపెనీ పనిమీద మళ్లీ రంగూన్ వెళ్లినప్పుడు మా పాత వీధి చూశాను. తిరిగొచ్చాక, అత్త అన్నం వడ్డిస్తుంటే, మేమున్న ఇంటి పక్కవాటాలో విన్న కబురు తప్ప అన్నీ వరసగా చెప్పాను: రేవు, బంగారు పగోడా, మూడంతస్తుల మేడ, ఇరవై రెండు మెట్లు.

"మావయ్య సాయంత్రాలు ఆ మెట్లమీదే కూర్చునేవాడట," అన్నాను.

గరిటె ఆగింది.

"కూకునేవోడా? ఎప్పుడు పోయాడ్రా?"

"పదకొండేళ్లయిందట అత్తా."

నుదుటి బొట్టుదాకా వెళ్లిన చేతిని దించేసింది.

"నువ్ తినెయ్. తరవాత తుడిసేత్తాను."