గోళ్ళరంగు చుక్క

మాది ఎమ్మిగనూరు. ఉరుకుంద గుడిలో కారుకు పూజ చేసుకొచ్చిన నెలకే మా కారులో బ్రేకుల ఏబీఎస్ లైటు వెలిగి ఆరలేదు. ఆదోని మెకానిక్ స్కానర్ పెట్టి, "బ్రేకు మాడ్యూలు పలుకుతాలేదన్నా. బండి ఈడే ఇడిసిపో" అన్నాడు.

మంచి మాడ్యూలు కొట్టేసి పాతది బిగిస్తాడని నా అనుమానం. అతను అటు తిరగ్గానే, మా ఆవిడ కారులో మరచిన గోళ్ళరంగుతో మాడ్యూలు మీద చుక్క పెట్టాను.

సాయంత్రానికి లైటు ఆరింది. నేను బానెట్ కిందికి తొంగి చూస్తుంటే అతనే టార్చి వేశాడు.

"నీ సుక్క ఆడే ఉంది, సూస్కోన్నా. మాడ్యూలు బాగుంది. వైరు సాకెట్‌లో సిలుము పట్టింటే కడిగినా. పూజ సేసి టెంకాయ నీళ్ళు యాడ పోసినావు?"

బానెట్ ఎత్తి ఇంజనుకే పోశాను.

ఇప్పుడు టెంకాయ టైరు ముందే కొడుతున్నాను. ఆ చుక్క మాత్రం చెరగలేదు. బానెట్ ఎత్తినప్పుడల్లా నన్నే అనుమానంగా చూస్తుంది.