కడుపు బాబాయ్ క్యాలెండర్

పుస్తకాలు కుట్టే ఆ షెడ్డులో కాగితం కోసే పెద్దాయనకు ఒకటే పిచ్చి. ఎదురుపడ్డవాళ్లనల్లా "కడుపెలా ఉంది?" అని అడుగుతాడు. నమస్కారం పెట్టినా అదే, పెళ్లి శుభలేఖ ఇచ్చినా అదే. ఆపైన కుంటుకుంటూ వెళ్లి గోడమీది క్యాలెండర్లో పెన్సిల్‌తో ఏదో గీకుతాడు. అందరూ ఆయన్ని కడుపు బాబాయ్ అనేవారు.

కుట్టుబల్ల దగ్గరి అమ్మాయికి ఆయనంటే ఒళ్లుమంట. ఓ మంగళవారం ఆమెకు నిజంగానే కడుపు చెడింది.

"కడుపెలా ఉందమ్మా?"

"దివ్యంగా ఉంది బాబాయ్!" అని పళ్లు కొరుకుతూ మరుగుదొడ్డికి పరుగెత్తింది. దాని తలుపు బాబాయ్ కాగితం కోసే యంత్రానికి సరిగ్గా ఎదురుగా ఉంటుంది.

మూడు వారాలకు ఆమె మోకాలు బంతిలా వాచింది. మడమ నేలకు ఆనలేదు. కళ్లు ఎర్రబడ్డాయి.

"పని ఎగ్గొట్టడానికి ఎన్ని వేషాలో!" అన్నాడు యజమాని. "సోమవారంలోగా డాక్టరు చీటీ తే. లేదంటే ఇంకొకర్ని పెట్టుకుంటా."

ఏళ్ల తరబడి పక్కన కూర్చున్నవాళ్లు తలలు వంచుకుని కుట్టుకున్నారు. ఆమెకు మోకాలికన్నా అదే ఎక్కువ నొప్పెట్టింది. ఆస్పత్రికి తీసుకెళ్లింది బాబాయ్ ఒక్కడే, చంకలో చుట్టిన క్యాలెండర్‌తో.

"ఈ నెల రోజుల్లో విరేచనాలేమైనా అయ్యాయా?" అని అడిగింది డాక్టరమ్మ.

అమ్మాయి సిగ్గుపడింది. "లేదండీ."

"అబద్ధం!" బాబాయ్ క్యాలెండర్ బల్లమీద పరిచాడు. "మంగళవారం ఆరుసార్లు, బుధవారం నాలుగు. దివ్యంగా ఉందన్న రోజే!"

బయట వరండాలో రోగులంతా విన్నారు. ఆమెకు తల కొట్టేసినట్టయింది. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. మోకాలు నొక్కి చూసింది, రక్తపరీక్ష చేయించింది.

"రియాక్టివ్ ఆర్థరైటిస్. కడుపులో క్రిమితో పోరాడిన ఒళ్లు ఇప్పుడు సొంత కీళ్లమీద పడింది. వాపుకు మాత్రలు, కొన్నాళ్లు విశ్రాంతి, తర్వాత రోజూ వ్యాయామం. కళ్లు ఇవాళే కంటి డాక్టరుకు చూపించు. చాలామందికి కొన్ని నెలల్లో తగ్గుతుంది" అని చీటీ రాసిచ్చింది.

బయటికి రాగానే ఆమె విరుచుకుపడింది. "నా పరువు తీశావు బాబాయ్!"

ఆయన కుంటికాలు చాచుకుని బెంచీమీద కూర్చున్నాడు. "నీ వయసులో నేనూ 'లేదండీ' అన్నానమ్మా. బెణుకన్నారు, కట్టు కట్టారు. యజమాని నాటకమన్నాడు, ఉద్యోగం పీకేశాడు. పరువు మాత్రం దక్కింది. చూడు, ఎంత చక్కగా నడిపిస్తోందో!"

చీటీ చూసి యజమాని గొణుక్కుంటూ సెలవిచ్చాడు. నాలుగు నెలలకు ఆమె తిరిగొచ్చేసరికి బల్లకింద కాలు చాచుకోవడానికి ఒక పీట ఉంది. అది ఎవరు చేశారో అడగక్కర్లేదు. పక్కవాళ్లు ఇప్పుడు తీరిగ్గా "ఎలా ఉన్నావ్?" అన్నారు. ఆమె వినపడనట్టే దారం ఎక్కించుకుంది.

బాబాయ్ కుంటుకుంటూ వచ్చాడు. "కడుపె..."

"ఒక్కసారే బాబాయ్, పొద్దున ఏడింటికి!" అంది షెడ్డంతా అదిరేలా. "రాసుకో!"

యజమాని చేతిలో టీ ఒలికింది. బాబాయ్ తృప్తిగా పెన్సిల్ మొన నాలుకకు అద్దుకుని క్యాలెండర్ వైపు నడిచాడు.